బట్ట గోడల బండి

కొన్న రోజు, శనివారం

అమ్మే పెద్దాయన ట్రైలర్‌ని మూసేసి గరాజ్ ముందు పెట్టాడు. మూసి ఉన్నప్పుడు అది నడుమెత్తు పెట్టె, అంతే. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నా చెవి దగ్గరకొచ్చి, "ఏరా, ఇందులో నలుగురం పడుకుంటామా?" అని అడిగారు. పెద్దాయనకి తెలుగు రాదు గానీ ఆ చూపు అర్థమైనట్టుంది. నవ్వుతూ హ్యాండిల్ తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. కప్పు మెల్లగా పైకి లేచింది. ముందు ఒక మంచం, వెనక ఒక మంచం సొరుగుల్లా బయటికి లాగాడు. చుట్టూ బట్ట బిగుసుకుంది. పదడుగుల పెట్టె కాస్తా దాదాపు ఇరవై అడుగుల గది అయింది. మా ఎనిమిదేళ్ళవాడు చెప్పులు విప్పకుండానే లోపలికి దూరిపోయాడు.

ఇలా ముడుచుకునే ట్రైలర్‌ని పాప్‌అప్ అంటారు. అది పాతదే కొనాలని మేం ముందే అనుకున్నాం. ఏడాదికి రెండుసార్లు వాడే వస్తువుకి కొత్త ధర పెట్టడం నాకు ఇష్టం లేదు. పెద్ద ట్రైలరైతే మా హైల్యాండర్ కారు లాగలేదు. కారుకి కంపెనీ ఇచ్చిన హద్దు 5,000 పౌండ్లు. కానీ ఆ అంకె చూసి మురిసిపోకూడదు. ఆ లెక్కలో కార్లో కూర్చున్న మనుషులూ సామానూ కూడా ఒక మూల కలుస్తాయి.

లోపలికెళ్ళి తలుపేసి, కిటికీల బట్ట కూడా దించేసి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడ్డాను. బయట మండే ఎండ. బట్టలో చిల్లులుంటే చుక్కల్లా మెరుస్తాయి. వెనక మంచం మీద మూడు చుక్కలు కనబడ్డాయి. అవి అతుకు వేసుకోవచ్చు. తర్వాత నేలంతా మడమతో నొక్కుకుంటూ నడిచాను. వెనక మూల అరచేతంత చోట మెత్తగా దిగింది. ఎప్పుడో వానకి లోపలి చెక్క నానిందన్నమాట. వాసన మాత్రం లేదు. ముక్కవాసన ఉంటే ఇక బేరం ఆడేవాడినే కాదు, అది బట్టలోంచి పోదు.

టైర్లు కొత్తవిలా ఉన్నాయి, గాట్లు నిండుగా ఉన్నాయి. వాటి పక్కన వంగి చూస్తే చివరి నాలుగంకెలు 2312. అంటే 2012లో 23వ వారంలో తయారైనవి. ట్రైలర్ టైర్లు తిరిగి అరిగేకంటే నిలబడి ముసలివవుతాయి. ఎండకి పక్కలు సన్నగా బీటలు వారి, ఓ వేసవి మధ్యాహ్నం హైవే మీద విచ్చుకుపోతాయి. ఈ రెండు లోపాలూ చూపించాక 4,500 డాలర్లన్నది 3,900కి దిగింది. కాగితం మీదున్న నంబరూ, ఇనుము మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని రెండుసార్లు చూసి సంతకాలు చేశాం.

హిచ్, అంటే ట్రైలర్‌ని కారుకి కలిపే కొక్కెం, తగిలించడం ఆ పెద్దాయనే నేర్పాడు. ట్రైలర్ ముక్కు చివరున్న కప్లర్, కారు వెనకున్న ఇనుప గుండు (బాల్) మీద కూర్చుని గొళ్ళెం పడ్డాక, ముందున్న జాకీని మళ్ళీ కాస్త పైకి తిప్పమన్నాడు. కారు వెనకభాగం కూడా దాంతో పాటు లేస్తే గొళ్ళెం నిజంగా పడ్డట్టు. ట్రైలర్ ఒక్కటే లేస్తే అది బాల్ మీద ఊరికే కూర్చున్నట్టు. గొలుసులు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోవాలి, ఎప్పుడైనా కప్లర్ ఊడితే ముక్కు రోడ్డుకి గుద్దుకోకుండా ఆ ఊయలలో పడుతుంది.

బయల్దేరే ముందు, గురువారం

కొత్త టైర్లు వేయించాం. బేరింగులకి గ్రీజు పట్టించాం. మా కారు మాన్యువల్ ప్రకారం 1,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి. దీనికి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి గానీ కార్లో వాటిని నడిపే కంట్రోలర్ లేదు. అది పెట్టించుకున్నాను. ఖాళీ పార్కింగ్‌లో పాతిక మైళ్ళ వేగంతో వెళ్తూ కంట్రోలర్ చేతి మీటని నొక్కడం, ట్రైలర్ చక్రాలు బిగుసుకునేదాకా బ్రేకు బలం పెంచడం, అక్కడినించి కొంచెం తగ్గించడం. నాన్న బయట నిలబడి చక్రాలు చూస్తూ చెయ్యి ఊపారు.

సామానంతా ఎక్కించి ట్రక్ స్టాప్‌లో తూకం వేయిస్తే 2,640 పౌండ్లు వచ్చింది. ఇంటికొచ్చి ముక్కు కింద స్నానాలగదిలో ఉండే బరువు యంత్రం పెట్టి చూస్తే 180. పదిలో ఒక వంతు కూడా లేదు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముక్కు మీద ఉండాలి, లేకపోతే వేగంలో తోక ఊపడం మొదలెడుతుంది. ఇదంతా నేను నాన్నకి పెద్ద పాఠంలా చెప్పబోయాను.

"ఎడ్లబండికీ ఇంతేగా" అన్నారాయన. "వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలకి ఉరి బిగుస్తుంది. ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయి. కాడి ఆనాలి, నలపకూడదు."

చెప్పేసి, తనే వెనక మూలనున్న ఐస్ పెట్టెనీ, మడత కుర్చీలనీ, నీళ్ళ డబ్బానీ ముందుకి జరిపారు. మళ్ళీ చూస్తే 290. పదకొండు శాతం. నేను వారం రోజులు చదివి తెలుసుకున్నది ఆయన పది నిమిషాల్లో సర్దేశారు. కొంచెం చిన్నబుచ్చుకున్నానని ఒప్పుకోవాలి.

అమ్మ డాలస్‌లో మా చెల్లెలి పురిటికి ఉండిపోయింది. నాన్నకి ఆ ఇంట్లో చెయ్యడానికి పనేం లేక మా దగ్గరకొచ్చారు. ఈ ప్రయాణం పెట్టుకోవడానికి సగం కారణం అదే.

మొదటిరోజు: డెన్వర్ నుంచి కస్టర్ దాకా

పొద్దున ఏడింటికి బయల్దేరాలనుకుని తొమ్మిదింటికి కదిలాం. ఐ-25 హైవే మీద షైయెన్ దాకా, అక్కడినించి యూఎస్-85 మీద ఉత్తరానికి. ఈ టైర్లకి రాసిన హద్దు గంటకి 65 మైళ్ళు, నేను 62 దాటలేదు. జనమంతా మమ్మల్ని దాటుకుపోయారు, దాటుకుంటూ చూశారు కూడా. వయోమింగ్ గాలి గురించి విన్నదంతా నిజమే. తేలికపాటి ట్రైలర్లు వెళ్ళకూడదని గాలి రోజుల్లో బోర్డులు పెడతారక్కడ. మా పెట్టె మూసుంటే కారుకంటే పొట్టి కాబట్టి కారు చాటున నక్కి వచ్చింది. ఆ గాలికి పక్కన పోతున్న పెద్ద ట్రైలర్ ఊగడం చూశాక పాప్‌అప్ కొన్నందుకు మొదటిసారి గర్వపడ్డాను.

మైలేజీ 23 నుంచి 15కి పడిపోయింది.

లస్క్ ఊళ్ళో ఆగి చక్రాల మధ్య భాగాన్ని అరచేత్తో తాకి చూశాం. వేడిగా ఉండొచ్చు, చెయ్యి నిలవనంత వేడి ఉండకూడదు. కొత్తగా వేసిన చక్రాల బోల్టులు యాభై, వంద మైళ్ళకి ఒకసారి మళ్ళీ బిగించాలి. ఇక్కడ ఆ మాట గుర్తొచ్చి బిగిస్తే ఒకటి పావు తిరుగుడు తిరిగింది. వంద మైళ్ళ దగ్గర చెయ్యాల్సిన పని రెండువందల పైచిలుకు మైళ్ళకి చేశాను.

సౌత్ డకోటాలోని కస్టర్ స్టేట్ పార్క్ చేరేసరికి పొద్దుగూకింది. మాకిచ్చిన స్థలం రెండు పైన్ చెట్ల మధ్య, వెనక్కి పెట్టాల్సినది. చుట్టూ జనం కుర్చీలేసుకుని కూర్చున్నారు. క్యాంపు గ్రౌండ్‌లో సాయంత్రం వినోదం అంటే కొత్తవాళ్ళు ట్రైలర్ వెనక్కి పెట్టడం చూడడమేనని అప్పుడర్థమైంది. మా ఆవిడ టార్చి పట్టుకుని వెనక నిలబడి "ఎడమకి, ఎడమకి" అంటోంది. నాకు ఆవిడ కనబడదు. అసలు ట్రైలరే కనబడదు, మూసిన పాప్‌అప్ అద్దాల్లో దాక్కుంటుంది, కనబడేసరికి అడ్డం తిరిగిపోయి ఉంటుంది. నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ. ఐదోసారి దాని ముక్కు కారు బంపర్‌ని తాకబోయింది.

"ఆపరా" అని నాన్న దిగారు.

కిటికీ దగ్గరికొచ్చి, "చెయ్యి స్టీరింగ్ పైన కాదు, కింద పెట్టు. ఇప్పుడు ట్రక్కు ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతే" అన్నారు. ట్రైలర్‌ని ఆయన ట్రక్కు అనే అంటారు, ముప్ఫయ్యేళ్ళు ధాన్యం ట్రక్కుని ట్రాక్టర్‌తో కళ్ళంలోకి వెనక్కి పెట్టిన మనిషి. "పొట్టి ట్రక్కు పొగరుబోతుది. కొంచెం తిప్పగానే మెడ తిప్పేసుకుంటుంది. పొడుగుదైతే మాట వింటుంది. నువ్వు నత్తలా కదులు, ముందే సరిదిద్దుకో. వంకర చూశాక సరిదిద్దుదామనుకుంటే అయిపోయినట్టే."

ఆయన ఎక్కి చేసేద్దురు, కానీ బీమాలో ఆయన పేరు లేదు. కాబట్టి కిటికీ పక్కనే నడుస్తూ, నా మోచేతిని వేలితో పొడుస్తూ పెట్టించారు. తాతయ్య నడిచింది బండి పక్కనా, నాన్న పక్కనా అని మావాడు ఇప్పటికీ అడుగుతాడు.

తర్వాత పని త్వరగా అయింది. మొదట కుడి ఎడమల మట్టం చూసుకోవాలి, కారు విప్పకముందే పల్లపు చక్రం కింద చెక్క పెట్టాలి. చక్రాలకి దిమ్మలు. అప్పుడు విప్పి, ముందూ వెనకల మట్టం జాకీతో. మట్టం కుదరకపోతే నిద్రే కాదు, గ్యాసు మీద నడిచే ఆ రకం ఫ్రిజ్ కూడా చల్లబడదు. మూలల్లో ఉన్న కాళ్ళు ఊగకుండా ఆపడానికే, బండిని ఎత్తడానికి కావు. కప్పు ఎత్తాను. ముప్ఫై ఏడు తిప్పులు. మావాడు లెక్కపెట్టాడు.

రెండోరోజు: కస్టర్‌లోనే

ట్రైలర్ అక్కడే వదిలేసి కారుతో తిరిగాం. ఇది లాగుడు బండికి ఉన్న అసలు సుఖం. నీడిల్స్ హైవేలో ఒక సొరంగం వెడల్పు సుమారు ఎనిమిది అడుగులు, అద్దాలు మడిచి పోనిచ్చాం. కొండలో నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ 1927లో మొదలై 1941లో ఆగిన పని. నాన్నకి ఆ నాలుగు ముఖాలకంటే కింద పోగుపడున్న రాళ్ళ గుట్ట నచ్చింది. చెక్కగా రాలినదంతా అలాగే వదిలేశారట, "కళ్ళం ఊడ్చకుండా వెళ్ళిపోయారు" అన్నారు.

రాత్రి వాన. బట్ట గోడ మీద వాన చప్పుడు గురించి కవిత్వం చెప్పుకోవచ్చు గానీ, ఆ మూడు చుక్కలకి అతుకు వెయ్యడం మర్చిపోయాను. తెల్లవారుజామున రెండో చుక్క సరిగ్గా మా ఆవిడ నుదుటి మీద పడింది. ఆవిడ ఏమీ అనలేదు. లేచి దిండు అటువైపు తిప్పుకుని నావైపు కాళ్ళు పెట్టి పడుకుంది.

మూడోరోజు: డెవిల్స్ టవర్

తడి బట్టని మడిచి మూయాల్సి వచ్చింది. పాప్‌అప్ కొనేవాళ్ళకి ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఇది. తడిగా మూస్తే ఒకట్రెండు రోజుల్లో మళ్ళీ తెరిచి ఆరబెట్టాలి, లేకపోతే బూజు. మూసేటప్పుడు బట్ట అంచులు కప్పుకీ పెట్టెకీ మధ్య నలగకుండా లోపలికి దోపుతూ రావాలి, నలుగురూ నాలుగు మూలల. బయట తడిచిన బట్ట పరుపుల మీద పడుతుంది, పరుపు తడుస్తుంది. మేం పరుపుల మీద రెయిన్‌కోట్లు పరిచాం.

న్యూకాసిల్, సండాన్స్ మీదుగా సుమారు వంద మైళ్ళ పైన దారి. టవర్ అంటే నిటారుగా లేచిన ఒక రాతి కొండ, దూరం నుంచే కనబడింది, మైదానంలో పాతిన రోకలిబండలా. అడుగు నుంచి పైదాకా 867 అడుగులు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దీన్ని దేశంలో మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించారు. స్థానిక తెగలకి ఇది పూజనీయం, చెట్లకి ప్రార్థన గుడ్డలు కట్టి ఉన్నాయి. మావాడు ముట్టుకోబోతే నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు, ముడుపు ముట్టకూడదని.

నది పక్క క్యాంపు గ్రౌండ్‌లో మధ్యాహ్నమే చేరాం కాబట్టి అన్ని వైపులా తెరిచి ఆరబెట్టాం. ఎండ, గాలి, రెండు గంటల్లో బట్ట కరకరలాడింది. బట్ట ఆరుతున్నంతసేపూ నాన్న మంచం అంచున కూర్చుని, నేలలో కలుగులు తవ్వుకునే ఉడతల్లాంటి ప్రెయిరీ డాగులని చూశారు. ఒకటి కూస్తే వందా కలుగుల్లోకి దూరుతాయి. "పక్కింటి సుబ్బమ్మలా ప్రతిదానికీ అరుస్తున్నాయి" అన్నారు. అక్కడి పొడుగాటి సాయంత్రంలో ఏం చేశామని అడిగితే ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, అదే ఈ యాత్రలో నాకు ఇష్టమైన రోజు.

నాలుగోరోజు: కనుమ

ఎల్లోస్టోన్‌ పార్కుకి పోయే దారిలో ఉన్న కోడీ ఊరు చేరాలంటే బిగ్‌హార్న్ కొండలు దాటాలి. మూడు దార్లు. 14ఎ అనేదానిలో పది శాతం వాలు, ట్రైలర్లున్నవాళ్ళని హెచ్చరించే బోర్డులు. యూఎస్-14 నయం. అన్నిటికంటే మెత్తనిది బఫలో ఊరి నుంచి టెన్ స్లీప్‌కి పోయే యూఎస్-16. మేం మెత్తనిదే పట్టుకున్నాం.

బఫలోలో పెట్రోలు కొట్టించుకుని కదలగానే కంట్రోలర్ తెర మీద ట్రైలర్ తగిలించలేదన్న గుర్తు వెలిగింది. వెనక ట్రైలర్ ఉంది, లైట్లు కూడా వెలుగుతున్నాయి, బ్రేకులు మాత్రం లేవు. ముందు 9,666 అడుగుల కనుమ, ఆ తర్వాత దిగుడు. పక్కకి ఆపి ప్లగ్గు ఊడదీశాను. ఏడు కాళ్ళ ప్లగ్గు. టవర్ దగ్గర ఎర్ర దుమ్ము, ముందురోజు వాన, రెండూ కలిసి ఒక కాలు మీద పచ్చటి చిలుము పట్టించాయి. సరిగ్గా బ్రేకుల తీగ వచ్చే కాలు అది. మా ఆవిడ సంచిలోంచి గోళ్ళు రాసుకునే ఆకురాయి తీసిచ్చింది. నాన్న కళ్ళజోడు నుదుటికి ఎత్తి, ప్లగ్గుని కంటికి జానెడు దూరంలో పెట్టుకుని గీకారు. ఇత్తడి బంగారంలా బయటపడింది. పెట్టి చూస్తే గుర్తు పోయింది. నమ్మకం చాలక మీట నొక్కుతూ పార్కింగ్‌లో మూడు చుట్లు తిరిగాను.

ఎక్కుడులో ఇంజను మూలిగింది. ప్రతి వెయ్యి అడుగులకీ టర్బో లేని ఇంజను సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది, కనుమ పైకొచ్చేసరికి నాలుగో వంతు పైనే పోయినట్టు. 40 మైళ్ళ వేగంతో కుడి పక్కన పాకాం. వెనక పది కార్లు చేరగానే పక్కకి జరిగి దారిచ్చాను.

దిగుడులో గేరు తగ్గించి, ఇంజనుతోనే వేగం పట్టుకుని, బ్రేకుని అప్పుడప్పుడు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. పొడుగునా కాలు ఆన్చి ఉంచితే బ్రేకులు కాలిపోతాయి. టెన్ స్లీప్ లోయ రెండు పక్కలా రాతి గోడలు ఎంత అందంగా ఉన్నాయో వీళ్ళు ముగ్గురూ చెప్తే విన్నాను. నేను చూసింది ముందు రోడ్డు, అద్దంలో రెండు ఎర్ర కర్రలు. ఆ కర్రల సంగతి చెప్పలేదు కదూ. ట్రైలర్ అద్దాల్లో కనబడట్లేదని, మంచు కురిసేటప్పుడు ఇంటి దారికి గుర్తుగా పాతే ఎర్ర కర్రలు రెండు కస్టర్‌లో కొని వెనక మూలలకి కట్టారు నాన్న. ఆ తర్వాత వెనక్కి పెట్టడం సగం తేలికైంది.

రాత్రి కోడీలో పడుకున్నాం.

ఐదోరోజు: ఎల్లోస్టోన్

తూర్పు ద్వారం గుండా, 8,500 అడుగులు దాటిన సిల్వన్ కనుమ ఎక్కి, సరస్సు ఒడ్డుకి దిగాం. అక్కడ ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట క్యాంపు ఉంది. కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్‌తో సహా అన్నీ ఉన్నచోటు అదే. మాకు లేదు. గట్టి గోడలున్న బళ్ళకే అక్కడ చోటు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే నేల కాబట్టి డేరాలూ, డేరా బట్టల ట్రైలర్లూ పనికిరావు. బుక్ చేసేటప్పుడు ఈ నిబంధన నేను ఆఖరి నిమిషంలో చూశాను. మా ఆవిడ నెలరోజులుగా దీని మీద నన్ను ఆడిపోసుకుంటోంది: "ఇల్లు కొన్నానన్నారు, గుడారం కొన్నారు."

అందుకే మాడిసన్ అనే మరో క్యాంపులో దిగాం. అక్కడికి పోతుంటే హేడెన్ లోయలో దారికడ్డంగా బైసన్‌ల (అమెరికా అడవిదున్నల) మంద. ఒక ముసలి మగది మా ట్రైలర్ పక్కనే నడిచి, ఎర్ర కర్రని ఓసారి వాసన చూసి పోయింది. కారు దిగినప్పుడు వాటికి 25 గజాలు, ఎలుగుబంట్లకీ తోడేళ్ళకీ 100 గజాలు దూరం ఉండాలని రూలు. అవి మన దగ్గరికి వస్తే ఏం చెయ్యాలి? అద్దాలెత్తుకుని కూర్చున్నాం.

బట్ట గోడల వెనక తిండి ఉంచకూడదు. రాత్రి పడుకోబోయే ముందు ఆవకాయ సీసా నుంచి టూత్‌పేస్ట్ దాకా, వాసనున్నదంతా కార్లోకి మోసుకెళ్ళాలి. మర్చిపోయిన ఒక్క బిస్కెట్ ప్యాకెట్ కోసం నాన్న అర్ధరాత్రి లేచారు.

ఆరు, ఏడు రోజులు

వేడినీళ్ళు ఎగజిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ చూశాం, రంగుల గుండాలు చూశాం. వాటి గురించి రాసినవాళ్ళు వేలమంది ఉన్నారు. నేను హీటర్ గురించి రాస్తాను.

6,800 అడుగుల ఎత్తులో ఆగస్టు రాత్రి కూడా గడ్డకట్టే దగ్గరకి పోతుంది. గ్యాసు హీటర్ ఉంది, గ్యాసు నిండా ఉంది. కానీ దాని ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది, మాడిసన్‌లో కరెంటు లేదు. మొదటి రాత్రి ధైర్యంగా వేసుకున్నాం. రెండో రాత్రి మూడింటికి ఫ్యాన్ చప్పుడు సన్నగిల్లి, మూలిగి, ఆగిపోయింది. మావాడిని మధ్యలో వేసుకుని ముగ్గురం ఒకే మంచం మీదకి చేరాం. నాన్న అవతలి మంచం మీద తలకి తువ్వాలు చుట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పొద్దున్న లోపలి బట్ట మీద మా ఊపిరే నీటి బొట్లై కారుతోంది. కారుకి తీగలు తగిలించి గంటసేపు ఛార్జ్ చేశాను. ఆ తర్వాత రాత్రుళ్ళు నీళ్ళు కాచి సీసాల్లో పోసి దుప్పట్లలో పెట్టుకున్నాం, అది హీటర్ కంటే నయం. పప్పు మాత్రం ఆ ఎత్తులో కుక్కర్ లేకుండా ఉడకలేదు, పలుకుతోనే తిన్నాం.

ఎనిమిది, తొమ్మిది: తిరుగు దారి

దక్షిణ ద్వారం, టీటన్ కొండలు, టోగ్వటీ కనుమ, డుబోయ్, లాండర్ దగ్గర రాత్రి. మర్నాడు రాలిన్స్ నుంచి లారమీ దాకా ఐ-80 మీద గాలి. ఒకచోట లారీ దాటుకుపోగానే ట్రైలర్ రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. కాలు బ్రేకు మీదకి పోబోయింది. పోనివ్వకుండా యాక్సిలరేటర్ వదిలి, చేతి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రం మెల్లగా వేశాను. సర్దుకుంది. కార్లో ఎవరూ మాట్లాడలేదు. పది మైళ్ళ తర్వాత నాన్న, "నీళ్ళ డబ్బా ఖాళీ చేశావా?" అన్నారు. చేశాను. ముందున్న నలభై పౌండ్ల బరువు పొద్దున్నే పారబోశాను. లారమీలో ఆగి కుర్చీలు ముందుకి జరిపాం.

ఇంటి దగ్గర, సోమవారం

డ్రైవ్‌వేలోకి ఒక్కసారికే పెట్టాను. పొరుగాయన కిటికీలోంచి చూస్తున్నాడని నాకు తెలుసు. నాన్న ఏమీ అనలేదు, వెళ్ళి దిమ్మలు పెట్టారు.

మా కాలనీ సంఘం నిబంధన ప్రకారం ట్రైలర్ ఇంటి ముందు 48 గంటలు మించి ఉండకూడదు. తర్వాత నెలకింత అద్దె కట్టి బయట గోదాము స్థలంలో పెట్టాలి. కొనేటప్పుడు ఈ అద్దె లెక్కలో వేసుకోలేదు. ఈలోగా తెరిచి ఆరబెట్టి, చుక్కలకి అతుకులేసి, మూయాలి. అతుకులు పొద్దున్నే అయిపోయాయి. మధ్యాహ్నానికి బట్టంతా ఎండిపోయింది, నేను నాలుగు మూలలూ చేత్తో తడిమి చూశాను.

మూడింటికి హ్యాండిల్ పట్టుకుని వెళ్ళేసరికి నాన్న వెనక మంచం మీద పడుకుని ఉన్నారు. మావాడు ఆయన పొట్ట మీద తలపెట్టుకుని ఏదో చదువుకుంటున్నాడు. కిటికీ బట్టలన్నీ ఎత్తి ఉన్నాయి, గాలి వస్తోంది.

"మూసెయ్యకురా అప్పుడే" అన్నారు కళ్ళు తెరవకుండా. "ఇంకా తడి ఉంది."